మా ఊరి నెట్ సెంటరు, స్వేచ్ఛా సాఫ్టువేరు



2025 దీపావళికి రెండు రోజుల ముందు నా పూర్వవిద్యార్థి ఒకడు ఫోను చేసినాడు. మా మండల కేంద్రంలో బస్టాండు ఎదుటి సందులో అతనికి ఒక నెట్ సెంటరు ఉన్నది. 2003లో ఆరు కంప్యూటర్లతో ఆరంభించినాడు. ఇప్పుడు నాలుగు కంప్యూటర్లు, రెండు జిరాక్సు యంత్రాలు, ఒక లామినేషను యంత్రం మిగిలినవి.

"మాస్టారూ, నమస్కారమండీ. అప్పట్లో మీకు ఫారిన్ నుంచి పోస్టులో ఒక సీడీ వచ్చింది చూడండి, అదింకా ఉందాండీ?" అని అడిగినాడు.

ఉన్నది. నా బీరువాలో శబ్దరత్నాకరానికీ ప్రౌఢవ్యాకరణానికీ నడుమ, అట్ట కవరు పసుపు రంగుకు తిరిగి, భద్రంగానే ఉన్నది. "ఉన్నది నాయనా. కానీ పదిహేడేండ్ల నాటి సరుకు, ఈనాటి పనికి రాదు" అన్నాను.

"సీడీ కాదండీ, ఆ పద్ధతి కావాలి" అన్నాడు.

విషయమేమనగా, అతని నాలుగు కంప్యూటర్లూ విండోస్ 10తో నడుచుచున్నవి. దానికి భద్రతా సవరణలు అందించు గడువు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పొడిగింపు మార్గాలు కొన్ని ఉన్నను అవి కొంతకాలపు ముచ్చటే. తరువాతిదైన విండోస్ 11కు మారుదమన్న, ఆ యంత్రాలు అర్హములు కావు. దాదాపు 2018కి ముందటి ప్రాసెసర్లను అది అంగీకరించదు, టీపీఎం 2.0 అను భద్రతా సాధనం కూడ ఉండవలెనన్నది నియమం. అతనివి హైదరాబాదులో ఏదో ఆఫీసు వదిలించుకొన్న పాత యంత్రాలు, సెకండ్ హ్యాండులో కొన్నవి. చక్కగా పని చేయుచున్నవి. అయినను ముసలివని తీర్పు వచ్చినది. నాలుగూ కొత్తవి కొనవలెనన్న అతని రెండేండ్ల మిగులు దానికే చాలదు.

చిన్న నెట్ సెంటర్లలో స్వేచ్ఛా సాఫ్టువేరు వాడుక గురించి నా మనసులో చాలకాలంగా ఉన్న అభిప్రాయాన్ని వ్రాయుటకు ఈ ఫోనే కారణం. నేను సాంకేతిక నిపుణుడను కాను. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి విరమించినవాడను. పొరపాట్లున్న విజ్ఞులు సవరింతురు గాక.

ముందుగా ఆ రోజుల సంగతి కొంత చెప్పవలెను. 2006 ప్రాంతంలో అంతర్జాలంలో తెలుగు చదువుకొనవచ్చునని నాకు తెలిసినది. బడి వదలగానే ఆ నెట్ సెంటరుకు పోయి గంటకు ఇరవై రూపాయలిచ్చి కూర్చొనేవాడను. తెర మీద తెలుగుకు బదులు చతురస్రాలు కనిపించేవి. లేదా అక్షరాలు విరిగి, గుణింతాలు ఒకచోట, వత్తులు మరొకచోట పడి ఉండేవి. అప్పటి విండోస్ ఎక్స్‌పీలో తెలుగు లేకపోలేదు. గౌతమి అను ఖతి అందులోనే ఉన్నది. కానీ అక్షరాలను సంయోగపరచు శక్తిని ప్రత్యేకంగా మేల్కొలుపవలెను. కంట్రోల్ ప్యానెల్ తెరచి, భాషల పేజీకి పోయి, సంక్లిష్ట లిపుల ఫైళ్లను స్థాపించుమని టిక్కు పెట్టవలెను. పెట్టగానే అది విండోస్ సీడీని లోపల ఉంచుమని అడుగును.

ఆ సీడీ ఎక్కడిది? కంప్యూటర్లు బిగించి పోయిన మెకానిక్కు సంచిలో ఉన్నది. అతడు తెనాలి నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. ఆరు యంత్రాలకూ ఒకే సీడీ. దాని మీద స్కెచ్ పెన్నుతో వ్రాసిన ఒకే తాళపు సంఖ్య. అతడు వచ్చిన రోజున బతిమాలి ఒక యంత్రంలో తెలుగు పెట్టించుకొన్నాను. మరునాడు పోయి చూడగా మళ్లీ చతురస్రాలే! పిల్లలు చేసిన మార్పులేవీ నిలువకుండ, యంత్రాన్ని ఆపి వేయగానే పూర్వస్థితికి తెచ్చు తాళం ఒకటి అందులో ఉన్నదట. వైరసుల భయంతో వేసిన తాళం నా అక్షరాలను కూడ రాత్రికి రాత్రి తుడిచివేసినది. తెలుగునాట, తెలుగువాని అంగడిలో, డబ్బిచ్చి కూర్చొన్న తెలుగు పండితుడు తెలుగు చదువుకొనుటకు మెకానిక్కు రాక కొరకు ఎదురుచూచినాడు. నాకు కలిగిన మొదటి అనుభవం ఇది.

రెండవది ఇంకను బాధాకరమైనది. మా గురువుగారు బాలవ్యాకరణం పాఠం చెప్పునపుడు నేను వ్రాసుకొన్న నోట్సు నూట నలభై పేజీలు ఉండినది. కాగితాలు పొడియగుచున్నవని 2004లో ఆ నెట్ సెంటరులోనే డీటీపీ చేయించినాను. ఆపరేటరు అమ్మాయి ఎంతో ఓపికతో, అరసున్నలు సైతం విడువకుండ కొట్టినది. సీడీలో వేసి ఇచ్చినారు. 2009లో ఆ సీడీని మరొక కంప్యూటరులో తెరచితే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నక్షత్రాలు, మీగడ మీద ఈగల వలె కనిపించినవి. అది యూనికోడు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చిన పాత పద్ధతి ఖతి. ఆ ఖతి ఆ యంత్రంలో లేదు. అంగడిలో ఉండినది కూడ కొన్నది కాదు. హార్డ్ డిస్కు చెడి కొత్తది వేసినపుడు పోయినది.

చివరకు దాని నుంచి నన్ను గట్టెక్కించినది 'పద్మ' అను చిన్న ఉపకరణం. ఫైర్‌ఫాక్సు విహారిణికి తగిలించుకొను అనుబంధం అది. ఆనాడు ప్రతి దినపత్రికకూ సొంత ఖతి ఉండేది. ఆ ఖతుల గుట్టును విప్పి యూనికోడులోనికి మార్చి చూపు పని ఎవరో తెలుగువారు తమంతట తాము చేసి, మూలంతో సహా అందరికీ పంచిపెట్టినారు. దాని సహాయంతో నా నోట్సులో ముప్పాతిక భాగం తేలినది. వత్తులు తారుమారైనచోట్ల చేతితో దిద్దుకొన్నాను. లేఖినిలో టైపు చేయుట అలవాటైనది కూడ అప్పుడే. నా గురువుగారి పాఠం నేడు నా వద్ద ఉన్నదన్న, అది మూలాన్ని దాచుకొనని సాఫ్టువేరు పుణ్యం. ఈ విషయంలో నేను తటస్థుడను కానని పాఠకులు ముందే గ్రహింతురు గాక.

ఇక 2007లో జరిగిన సంగతి. ఒకనాటి మధ్యాహ్నం టైలు కట్టుకొన్న ఇద్దరు నెట్ సెంటరుకు వచ్చి, తాము ఫలానా సంస్థ తరఫు వారమనీ, ఆరు యంత్రాలకూ బిల్లులు చూపుమనీ అడిగినారట. బిల్లులు లేవు. వారు చట్టం చదివి వినిపించినారట. చట్టం నిజమే. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేర్చిన 63-బి సెక్షను ప్రకారం, దొంగప్రతి అని తెలిసి కంప్యూటరు ప్రోగ్రామును వాడినవారికి 7 రోజులకు తగ్గకుండ 3 సంవత్సరాల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జుల్మానా. వ్యాపారం కొరకో లాభం కొరకో వాడని వారి విషయంలో న్యాయస్థానం జైలు తప్పించవచ్చునని ఒక వెసులుబాటు ఉన్నది. అంగడి పెట్టుకొన్నవానికి ఆ వెసులుబాటు చెల్లదు.

మావాడు ఎంతో కొంత ముట్టజెప్పి వారిని సాగనంపినాడు. రసీదు లేదు. వారు నిజంగా ఏ సంస్థ మనుషులో, అసలు ఏ సంస్థకైనా చెందినవారో కాదో నేటికీ తెలియదు. గుర్తింపు కార్డు చూపుమని అడుగవలసినది కదా అన్నాను. "ఎలా అడుగుతానండీ మాస్టారూ, మన దగ్గరే తప్పుంటే!" అన్నాడు. తేలు కుట్టిన దొంగ అన్న మాటను నేను ఎన్నోసార్లు పాఠంలో చెప్పినాను. ఎదురుగా కూర్చొని చూచుట అదే మొదలు.

స్వేచ్ఛా సాఫ్టువేరును గురించి చెప్పువారు చాలమంది 'ఉచితం' అన్న మాటతో మొదలుపెట్టుదురు. చిన్న నెట్ సెంటరు విషయంలో ఈ వాదం నిలువదని నా అభిప్రాయం. దొంగ సీడీ యాభై రూపాయలు. లినక్సు సీడీ కూడ అంతే. డబ్బు మాట పట్టుకొని వానికి ఏమి చెప్పగలము? ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒకే మాట రెండర్థాలనూ మోయుచుండుట వలన వారికి ఈ చిక్కు వచ్చినది. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆనాటి నుంచి ఆ రెండర్థాలనూ విడదీసి చెప్పుటకే ఎంతో శ్రమపడినాడు. మనకు ఆ శ్రమ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో 2005 నుంచి పని చేయుచున్న సంస్థవారు 'స్వేచ్ఛ' అనియే పేరు పెట్టుకొని, తెలుగు మెనూలతో లినక్సును రూపొందించినారు. ఆ పేరే సగం పాఠం చెప్పుచున్నది.

ఆ స్వేచ్ఛ అంగడివానికి ఎట్లు కలుగుననగా: వచ్చినవాని గుర్తింపు కార్డు అడుగగలడు. యంత్రం చెడిన బహిరంగంగా సహాయం కోరగలడు. సీడీని పొరుగు ఊరి నెట్ సెంటరువానికి ఇవ్వగలడు, దాని కాపీని పదిమందికి పంచగలడు. చదువుకొన్న కుర్రవాడుంటే లోపలి మూలాన్ని తెరచి తెలుగు తప్పులు దిద్దగలడు.

ఈ చివరి మాట గాలిలో చెప్పినది కాదని మన భాషాచరిత్రలోనే నిదర్శనం ఉన్నది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడినది. అందులో చెప్పక విడిచినవి అనేకం ఉన్నవి. సూరి గతించిన తరువాత, బహుజనపల్లి సీతారామాచార్యులు ఆ విడిచిన వాటికి సూత్రాలు కల్పించి 1885లో ప్రౌఢవ్యాకరణం ప్రకటించినారు. దానికే త్రిలింగలక్షణశేషమని పేరు, అనగా మిగిలినది. ఒకరి గ్రంథంలోని లోటును మరొకరు పూరించగలుగుటకు కారణమేమి? సూత్రాలు బట్టబయలుగా ఉన్నవి. ఎవరైనను చదువవచ్చును, ప్రశ్నింపవచ్చును, చేర్పవచ్చును. సూరి తన సూత్రాలను పెట్టెలో పెట్టి తాళం వేసి, ఫలితరూపాలను మాత్రమే మనకు అమ్మి ఉండినచో శేషం శేషంగానే మిగిలిపోయేది. మూలం, దాని మీద వ్యాఖ్య, వ్యాఖ్య మీద టిప్పణి అను మార్గంలో పెరిగిన పండితులకు మూలాన్ని విప్పి చూపు సాఫ్టువేరు వింతగా తోచదు. మూలాన్ని దాచుటయే వింత.

అయితే ఆచరణలో ఏమైనదో కూడ దాచకుండ చెప్పవలెను.

2008లో ఉబుంటు అను లినక్సును రూపొందించు కెనానికల్ సంస్థవారు అడిగినవారికి సీడీలు తపాలాలో పంపుచుండిరి. తపాలా ఖర్చు కూడ వారిదే. (ఈ ఏర్పాటును వారు 2011లో ఆపివేసినారు.) అడిగి చూచినాను. కొన్ని వారాలకు నెదర్లాండ్స్ నుంచి అట్ట కవరు వచ్చినది. బడిలో తపాలా తెచ్చినతడు మొదలు ప్రధానోపాధ్యాయుని వరకు అందరూ దానిని అటూ ఇటూ తిప్పి చూచినారు. ఆ సాయంకాలమే నెట్ సెంటరులో మూలనున్న యంత్రంలో పెట్టి చూచితిమి. హార్డ్ డిస్కును ముట్టకుండ సీడీ మీది నుంచే నడుచును కనుక మావాడు ధైర్యం చేసినాడు. విహారిణి తెరచి ఒక తెలుగు పేజీకి పోగానే తెలుగు వచ్చినది. టిక్కు పెట్టలేదు, సీడీ అడుగలేదు, మెకానిక్కు రాలేదు. సంయుక్తాక్షరాలు వాటి చోట అవి కుదురుగా కూర్చున్నవి. నేను కుర్చీలో అట్లే కొంతసేపు ఉండిపోయినాను. మావాడు ఆ రోజు డబ్బు పుచ్చుకొనలేదు.

రెండు యంత్రాలలో స్థాపించినాడు. ఏడు నెలలకు అది ఒకటైనది.

పిల్లలకు ఇబ్బంది లేకపోయినది. వారం రోజులలో ఎక్కడ ఏమున్నదో కనిపెట్టినారు. ఇబ్బంది పెద్దలది. గల్ఫులో ఉన్న కొడుకుతో యాహూ మెసెంజరులో మాట్లాడుటకు వచ్చు తల్లులకు, ఆ రెండు యంత్రాలలో వ్రాత నడచును గాని మాట వినిపించేది కాదు. అచ్చుయంత్రానికి తగిన డ్రైవరు లేదు. అన్నింటికన్న పెద్దది, ఒక ప్రభుత్వ శాఖవారి దరఖాస్తు పేజీ. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరులోనే తెరుచుకొనేది; మరి దేనిలో తెరచినను సగం పేజీ ఖాళీ. ఫీజు కట్టి, గడువు చివరి రోజున, వరుసలో నిలబడిన పిల్లవాని తండ్రికి సాఫ్టువేరు స్వేచ్ఛ గురించి ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేదు. పక్క యంత్రం ఖాళీ అగువరకు ఆయనతో పాటు నిలబడినాను.

తెలుగు మెనూల గురించి ఒక మాట. అవి నాకెంతో ముచ్చట కలిగించినవి. దస్త్రం, సవరణ వరకు బాగున్నది. 'అమరికలు' అన్నది సెట్టింగులని గ్రహించుటకు పండితుడనైన నాకే ఒక పూట పట్టినది. పిల్లలు చూచి నవ్వి, ఇంగ్లీషుకు మార్చుకొన్నారు. వాడుకలో స్థిరపడిన మాటను తీసి కొత్తమాట పెట్టునపుడు పది ఊళ్లలో పదిమందికి చూపి పెట్టవలెనన్నది నేను నేర్చుకొన్న నీతి. తప్పు సాఫ్టువేరుది కాదు, నాబోటి పండితులది.

మా మేనల్లుడు హైదరాబాదులో ఇదే వృత్తిలో ఉన్నాడు. "మామయ్యా, పల్లెల్లో లినక్సు పెడితే చెడినప్పుడు బాగుచేసేదెవరు?" అని ఆనాడే అడిగినాడు. మంచి ప్రశ్న. కాని దొంగ విండోసును బాగుచేయుచుండినది ఎవరు? తెనాలి మెకానిక్కు. చెడిన ప్రతిసారీ మూడు వందలు తీసుకొని అంతా తుడిచి మళ్లీ స్థాపించేవాడు. అతడు లినక్సు నేర్చుకొనలేని మందబుద్ధి కాడు. నెలకొకసారి చెడు దానికన్న చెడనిది అతనికి గిట్టుబాటు కాదు. నేర్పుటకు నేను ప్రయత్నించగా మర్యాదగా టీ తాగి లేచి వెళ్లినాడు.

మిగిలిన ఆ ఒక్క యంత్రం మాత్రం ఆరేడేండ్లు నిలిచినది. రెండు పనులకు దానిని వెదకుకొని వచ్చేవారు. ఒకటి, తెలుగు చదువుకొనుట. విశ్రాంత కరణంగారొకరు, గ్రంథాలయపు గుమాస్తా, నేను సాయంకాలాలు వంతులు వేసుకొనేవారము. రెండవది నేను ఊహించనిది. పెన్‌డ్రైవులు వచ్చిన కొత్తలో వాటితో పాటు వైరసులు ఒక యంత్రం నుంచి మరొకదానికి పాకేవి. విండోస్ యంత్రంలో పెట్టగానే తమంతట తాము లేచి పని మొదలుపెట్టేవి. లినక్సులో అవి నిద్రపోవు పాములు; కనిపించును గాని కరవవు. మావాడు ఎవరు పెన్‌డ్రైవు తెచ్చినను ముందు ఆ మూల యంత్రంలో పెట్టి, దాగిన ఫైళ్లను తుడిచి, తరువాత ఫొటోలు అచ్చు వేసేవాడు. ఊరిలో దానికి 'కడిగే కంప్యూటరు' అని పేరు వచ్చినది.

తరువాత కాలం మారినది. 2011లో కేంద్రప్రభుత్వం సైబర్ కేఫులకు నియమాలు తెచ్చినది. వచ్చినవారి గుర్తింపు పత్రం చూడవలెను, వివరాల పుస్తకం ఏడాది పాటు దాచవలెను, గదుల అడ్డుతెరలు నాలుగున్నర అడుగులకు మించరాదు. మావాడు వడ్రంగిని పిలిచి అడ్డుపలకలు కోయించినాడు. ఆపైన చేతి ఫోన్లలోనికే అంతర్జాలం వచ్చి చేరినది. చాలమంది అంగళ్లు మూసినారు. మూయనివారు నెట్ సెంటరు బోర్డు మీదనే ఆన్‌లైన్ సేవలు అని వ్రాయించుకొన్నారు. పరీక్షల దరఖాస్తులు, హాల్ టికెట్లు, ఉపకారవేతనాలు, భూమి పత్రాలు, రైలు టికెట్లు. ఫోను చేతిలో ఉన్నను, చిన్న అక్షరాల దరఖాస్తు నింపి, సంతకాన్ని ఇన్ని కిలోబైట్లకు కుదించి ఎక్కించుటకు ఇప్పటికీ ఆ బల్ల వద్దకే రావలెను. పల్లెలో ప్రభుత్వానికీ ప్రజకూ నడుమ ఉన్న గడప అది.

ఈ మార్పు వలన ఒక మేలు జరిగినది. అంగడిలో పని దాదాపు అంతా విహారిణిలోనే జరుగుచున్నది. విహారిణి ఏ వ్యవస్థలోనైనను ఒక్కటే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు కాలం 2022తో చెల్లిపోయినది. యూనికోడు తెలుగు అన్నిచోట్లా కుదిరినది. డీటీపీకి మండలి, సురవరం, గిడుగు, తెనాలి రామకృష్ణ వంటి అందమైన ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో లభించుచున్నవి. శుభలేఖ అచ్చు వేయుటకు ఇక దొంగ ఖతి అవసరం లేదు. 2008లో నేను చేయించినది తొందరపాటు. నేడు చేయకపోవుట అలసత్వం. పాతబడినవని తీర్పు పడిన నాలుగు యంత్రాలు అంగడివాని ఎదుట ఉన్నవి. వాటిలో ఏ లోపమూ లేదు. మరి నాలుగైదేండ్లు నడువగలవు.

ఇంకను అడ్డమేమి? అంగడివాడు అడ్డం కాడు. వేలిముద్రల యంత్రం ఉన్నది. దాని వెంట వచ్చు సాఫ్టువేరు విండోసుకే. డిజిటల్ సంతకపు టోకెనుతో కూడ అతనికి ఇదే తగవు. అచ్చుయంత్రాలలో కొన్ని నేటికీ మొండివి. ఈ సాధనాలు వాడి తీరవలెనని ప్రభుత్వ పనులే కోరుచున్నవి. కేంద్రప్రభుత్వం ఈ-పాలనలో బహిరంగ ప్రమాణాలు పాటించవలెనని 2010లోనూ, తన వ్యవస్థలకు మూలం తెరచిన సాఫ్టువేరునే మొదట పరిశీలించవలెనని 2015లోనూ విధానాలు ప్రకటించినది. మంచి విధానాలు. సర్వరున్న గదిలో వాటిని పాటించుచున్నారు కాబోలు. బస్టాండు సందులోని బల్ల వరకు అవి రాలేదు. పౌరుడు కొనితీరవలసిన వ్యవస్థ లేనిదే పౌరుని పని జరుగదన్నచో అది ప్రభుత్వం తన ప్రజ మీద వేరొకరి తరఫున వేయు పన్ను వంటిది. వేలిముద్రల యంత్రాలకు అనుమతి ఇచ్చునపుడు లినక్సు డ్రైవరు కూడ ఇచ్చి తీరవలెనని ఒక్క వాక్యం చేర్చుటకు ఏమి కష్టమో నాకు తెలియకున్నది.

రెండవ అడ్డం మా బడులు. దీనిలో నాకును భాగమున్నది. మా పాఠశాలకు కంప్యూటర్లు వచ్చినపుడు ఆ గది తాళం చాలకాలం నా వద్దనే ఉండినది. పిల్లలకు మేము చెప్పినది ఒక సంస్థవారి మెనూలో ఎడమ నుంచి మూడవ మాట ఏమిటన్నది. వ్యాకరణం చెప్పక ఒక్క పద్యం బట్టీ పెట్టించినట్లు! మెనూ మారగానే చదువంతా పోయినది. కేరళవారు వేరు దారి పట్టినారు. అక్కడి ప్రభుత్వ పాఠశాలలకు గ్నూ లినక్సుతో సొంత వ్యవస్థను తయారుచేసి, మలయాళంతో సహా అందులోనే పాఠాలు చెప్పుచున్నారు. అట్లు చదువుకొన్న పిల్ల రేపు ఏ అంగడిలో ఏ యంత్రం ముందు కూర్చొన్నను బెదరదు. మన రెండు రాష్ట్రాలలోనూ ఆ పని జరుగవలసిన స్థాయిలో జరుగలేదు.

దీపావళి వెళ్లిన ఆదివారం నేను అంగడికి పోయినాను. మావాని కూతురు పదవ తరగతి చదువుచున్నది. లినక్సు మింటును ముందే పెన్‌డ్రైవులోనికి దింపి సిద్ధంగా ఉంచినది. ఆ అమ్మాయికి నేను చెప్పవలసినది ఏమీ లేకపోయినది. "తాతగారూ, ఇక్కడ హార్డ్ డిస్కు మొత్తం తుడిచేయమంటారా, సగం ఉంచమంటారా?" అని మాత్రం అడిగినది. వాళ్ల నాన్న ముఖం చూచి, సగం ఉంచుమన్నాను. మధ్యాహ్నానికి మూడు యంత్రాలు ముగిసినవి. వేలిముద్రల యంత్రమున్న నాలుగవదాన్ని ముట్టుకొనలేదు. దానికి ఏమి చేయవలెనో అతడు ఇంకను ఆలోచించుచున్నాడు.

పరీక్షకు నా గురువుగారి నోట్సు తెరపించినాను. అరసున్నలతో సహా వచ్చినది. అమ్మాయి సంధి పరిచ్ఛేదం దాకా చదువుకొంటూ పోయి, "ద్రుతం అంటే మాకు క్లాసులో ఇలా చెప్పలేదండీ" అన్నది. అచ్చు తీసి ఇచ్చెదనన్నాను. తీరా చూడగా అచ్చుయంత్రం మాట వినలేదు. దాని డ్రైవరు ఎక్కడ దొరుకునో ఆ అమ్మాయి కనిపెట్టినదట. వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుందము.